పటేల్ షాట్, సంఘం షాట్

యూట్యూబ్‌లో మన ఊళ్ళ కోటల మీద ఉన్న వీడియోలు ఓ పది వరసగా చూడండి. పదకొండోది మీరే తీసేయగలరు. ముందు డ్రోన్ పైకి లేస్తుంది. చెట్లు, డాబాలు, మధ్యలో కోట. తర్వాత కెమెరా నేలకి దిగి సింహద్వారం ముందు నిలబడి తలెత్తి పైకి చూస్తుంది. వెనక వేణువు. బరువైన గొంతు ఒకటి "చరిత్రకు మౌనసాక్షి" అంటుంది. ఆరు నిమిషాల్లో అయిపోతుంది. ఇంత సేపట్లో ఒక్క మనిషి కూడా మనతో మాట్లాడడు. ఎవరైనా కనపడినా స్లో మోషన్‌లో అటు నుంచి ఇటు నడిచి వెళ్ళిపోతాడు.

ఈ వీడియోలు తీసేవాళ్ళలో చాలామంది కుర్రాళ్ళు. సొంత ఊరి మీద ప్రేమతోనే తీస్తారు. కాబట్టి వాళ్ళని వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ రెండు షాట్లు, అంటే పై నుంచి కిందికి చూసేదీ, కింద నుంచి పైకి చూసేదీ, వాటికి తెలంగాణలోనే కొందరు ఆడవాళ్ళు పాతికేళ్ళ కిందట పేర్లు పెట్టారు. ఆ పేర్లు తెలిశాక ఏ డాక్యుమెంటరీనీ మునుపటిలా చూడలేం. డాక్యుమెంటరీ నేర్చుకుంటున్న స్టూడెంట్ ఎవరైనా నన్ను ఒక్క పాఠం చెప్పమంటే ఇదే చెప్తాను.

ఆ ఆడవాళ్ళది జహీరాబాద్ దగ్గర పస్తాపూర్, ఆ చుట్టుపక్కల పల్లెలు. అప్పటికి మెదక్ జిల్లా, ఇప్పుడు సంగారెడ్డి. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అక్కడ 1980ల నుంచి దళిత మహిళా రైతులతో సంఘాలు నడిపింది. దూరదర్శన్‌లో ప్రొడ్యూసర్‌గా పనిచేసి వచ్చిన పి.వి. సతీష్ (2023 మార్చిలో చనిపోయారు) దాని వెనక ముఖ్యమైన మనిషి. 1990ల చివర్లో ఆ సంఘాల్లోని కొందరికి వీడియో కెమెరా నేర్పడం మొదలుపెట్టారు. వాళ్ళలో చాలామందికి చదవడం రాయడం రాదు. పొలం పని చేసుకునేవాళ్ళు. తర్వాత వాళ్ళే కమ్యూనిటీ మీడియా ట్రస్ట్‌గా ఏర్పడి తమ సినిమాలు తామే తీశారు, ఎడిట్ చేసుకున్నారు.

కెమెరా కోణాలు నేర్చుకునేటప్పుడు హై యాంగిల్, లో యాంగిల్, ఐ లెవెల్ అనే మాటలు వాళ్ళకి అక్కర్లేకపోయాయి. పై నుంచి కిందికి చూసేది పటేల్ షాట్ అన్నారు. గుర్రం మీదో అరుగు మీదో ఉన్న దొర కూలీని చూసే చూపు అది. కింద నుంచి పైకి చూసేది బానిస చూపు. పటేల్ ముందు నేల మీద కూచున్నవాళ్ళు ఆయన్ని చూసే చూపు. ఇక కళ్ళకి సమానంగా పెట్టి తీసేది సంఘం షాట్. సంఘంలో అందరూ గుండ్రంగా ఒకే ఎత్తులో కూచుంటారు కాబట్టి.

ముచ్చటగా ఉంది కదా అని ఇక్కడితో వదిలేస్తే అసలు సంగతి జారిపోతుంది. సినిమా పాఠ్యపుస్తకాలు ఈ కోణాల గురించి ఏం చెప్తాయో గుర్తు తెచ్చుకోండి. పై నుంచి తీస్తే మనిషి బలహీనంగా కనిపిస్తాడు, కింద నుంచి తీస్తే బలవంతుడిగా కనిపిస్తాడు. అంటే ఫ్రేములో ఉన్న మనిషి గురించి చెప్తాయి. పస్తాపూర్ ఆడవాళ్ళు పెట్టిన పేర్లు ఫ్రేము బయట ఉన్న మనిషివి. కెమెరా వెనక నిలబడ్డది ఎవరు? పటేలా, బానిసా, పక్కింటి మనిషా? నేను చదివిన సినిమా సిద్ధాంతం తక్కువే. కానీ ఆ తక్కువలో ఇంత సూటిగా ఈ ప్రశ్న అడిగినవాళ్ళు నాకు ఎక్కువమంది కనపడలేదు.

ఇప్పుడు ఒక స్టూడెంట్ సంగతి. మా పిన్ని కొడుకు కోదాడలో డిగ్రీ చదువుతున్నాడు. ఊరు నడిగూడెం. పేరు రాయొద్దన్నాడు కాబట్టి తమ్ముడు అనే రాస్తాను. ఒక పోటీ కోసం పది నిమిషాల డాక్యుమెంటరీ తీద్దామని నడిగూడెం కోట మీద పడ్డాడు. కట్ చేసిన ప్రతిసారీ నాకు పంపేవాడు. ఆఫీసులో పక్కవాడి కోడ్ చూసి వ్యాఖ్యలు పెట్టే అలవాటు నాకు ఎలాగూ ఉంది. అదే పద్ధతిలో ఏ నిమిషం ఏ సెకను దగ్గర ఏమనిపించిందో రాసి పంపేవాణ్ణి. అలా మూడు కట్‌లు చూశాను.

మొదటి కట్ నేను పైన చెప్పిన పదకొండో వీడియో. డ్రోన్, గేటు, వేణువు, గొంతు. ఆ గొంతు చెప్పిన విషయాల్లో చాలావరకు నిజాలే. మునగాల పరగణా చుట్టూ నిజాం రాజ్యం, కానీ తను మాత్రం మద్రాసు ప్రెసిడెన్సీలో కృష్ణా జిల్లాకి చెందిన ఒక దీవిలాంటి ముక్క. దాని రాజా నాయని వెంకట రంగారావు. ఆయన దగ్గర దివాన్‌గా పనిచేసింది కొమర్రాజు వెంకట లక్ష్మణరావు. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం పుట్టడం వెనక, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి వెనక ఈ ఇద్దరి చేయీ ఉంది. తెలుగులో శాస్త్ర పుస్తకాలు, చరిత్ర పుస్తకాలు చదివే అలవాటు రావడంలో ఈ చిన్న పరగణా వాటా చిన్నది కాదు.

తర్వాత జెండా. పింగళి వెంకయ్య నడిగూడెంలో ఉండి పత్తి మీద ప్రయోగాలు చేశారనీ, జాతీయ జెండాకి ఇక్కడే రూపం ఇచ్చారనీ ఊళ్ళో అందరూ చెప్పుకుంటారు. ఆయన 1916లో జెండా నమూనాలతో పుస్తకం వేసిన మాటా, 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల్లో గాంధీకి ఒక నమూనా ఇచ్చిన మాటా రికార్డుల్లో ఉన్నవి. తమ్ముడి వాయిస్ ఓవర్ వీటన్నిటినీ ఒకే గొంతుతో, ఒకే బరువుతో చెప్పేసింది. నేను రాసిన మొదటి వ్యాఖ్య దీని మీదే. రికార్డులో ఉన్నదాన్ని నువ్వు చెప్పు. ఊరు చెప్పుకునేదాన్ని ఊరి చేత చెప్పించు. కోట గోడ పక్కన కూచున్న ఒక ముసలాయన "జెండా ఈడనే పుట్టింది" అంటే అది ఆయన నమ్మకం, ఆయన గర్వం, సినిమాకి అదొక విలువైన సాక్ష్యం. అదే మాట ముఖం లేని గొంతు అంటే ఉత్త ప్రకటన.

రెండో వ్యాఖ్య ఒక ప్రశ్న. మీ తాత ఈ కోటలోకి ఏ గేటు నుంచి వెళ్ళేవాడు? చెప్పులు వేసుకునే వెళ్ళేవాడా?

వాడికి తెలీదు. తెలుసుకోడానికి వెళ్ళాడు. రెండో కట్ అలా వచ్చింది.

రెండో కట్ నిండా మనుషులే. అందరూ ప్లాస్టిక్ కుర్చీల్లో నిటారుగా కూచుని, ఊరి సభలో మైకు ముందు మాట్లాడినట్టు మాట్లాడారు. వెనక సీలింగ్ ఫ్యాను మోత. డాక్యుమెంటరీ నేర్చుకునే ప్రతివాళ్ళూ ఈ మెట్టు ఎక్కాల్సిందేమో. బొమ్మ బాగా రావాలని ఫోన్లో ఫోర్ కే పెడతారు, శబ్దం సంగతి ఇంటికొచ్చాక హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నప్పుడు తెలుస్తుంది. మసక బొమ్మని జనం క్షమిస్తారు, వినపడని మాటని క్షమించరు. చొక్కాకి తగిలించే చిన్న మైకు ఒకటి కొన్నాడు. ఎవరూ మాట్లాడకుండా ఆ గది చప్పుడు మాత్రమే ఓ నిమిషం రికార్డు చేసుకోవడం నేర్చుకున్నాడు. అది లేకపోతే రెండు మాటల మధ్య కట్ చేసిన చోట గొయ్యి పడ్డట్టు వినపడుతుంది. రెండున్నర గంటల మాటల్ని కాగితం మీద రాసుకుని, ముందు కాగితం మీదే ఎడిట్ చేసుకున్నాడు.

ఇవన్నీ ఎవరైనా నేర్పగలిగేవి. నేర్పడం కష్టమైనది ప్రశ్న. వాడి ప్రశ్నలు వినండి: "రాజావారు బాగా చూసుకునేవారా తాతా?" ప్రశ్నలోనే జవాబు ఉంది. తాత ఏమంటాడు? "ఆఁ, బానే" అన్నాడు. అక్కడితో వీడు తర్వాతి ప్రశ్నకి దూకాడు. కుర్చీ, మర్యాద, కెమెరా, దొరగారి పేరు అన్నీ కలిసి ఆ తాతని మళ్ళీ పాత రోజుల్లో కూచోబెట్టాయి. కెమెరా కళ్ళకి సమానంగానే ఉంది, కొలిచి చూసినా తేడా రాదు. అయినా అది సంఘం షాట్ కాలేదు. ఎత్తు ఒక్కటీ సరిపోదని ఈ కట్ చూశాకే స్పష్టంగా తెలుస్తుంది.

ఎందుకంటే ఈ కోటకి ఇంకో చరిత్ర ఉంది. గ్రంథాలయాలకి డబ్బులిచ్చిన ఇదే జమీందారీలో వెట్టి ఉండేది. 1930ల నుంచి మునగాల పరగణా రైతులు జమీందారుకి వ్యతిరేకంగా తిరగబడ్డారు. నండూరి ప్రసాదరావు లాంటి కమ్యూనిస్టు నాయకులు ఆ ఉద్యమంలో పనిచేశారు. పక్కన నిజాం రాజ్యంలో సూర్యాపేట, నల్గొండ ప్రాంతాలు సాయుధ పోరాటంలోకి వెళ్ళక ముందే ఈ దీవిలో రైతు సంఘం అనే మాట పుట్టింది. చివరికి 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీ పోయింది. 1959లో పరగణా నల్గొండ జిల్లాలో కలిసింది. ఇప్పుడు సూర్యాపేట జిల్లా.

తెలుగుకి విజ్ఞానం పంచిన కోట, వెట్టి చేయించుకున్న కోట ఒకటే. ఈ రెండిట్లో ఏ ఒక్కదాన్ని వదిలేసినా సినిమా అబద్ధమవుతుంది. డ్రోన్‌కి ఈ రెండోది ఎప్పటికీ కనపడదు. గేటు కింద నిలబడి పైకి చూసే షాట్‌కి కనపడాలి నిజానికి, ఎందుకంటే వెట్టికి వెళ్ళినవాడు చూసిన కోణం అదే. కానీ ఆ షాట్ కింద వేణువు పెట్టి "వైభవం" అని చెప్పేశాం. బానిస చూపుని తీసుకుని దాన్ని భక్తిగా మార్చేశాం. మన వారసత్వ వీడియోల మీద నా అసలు ఫిర్యాదు ఇది.

మూడో కట్‌లో తొంభైకి దగ్గరపడ్డ ఒకావిడ ఉంది. వాళ్ళ ఇంటి గడప మీద కూచుంది. తమ్ముడు కుర్చీ వద్దని కింద నేల మీద కూచుని ఫోన్ ఒళ్ళో పెట్టుకున్నాడు. ఏ ప్రశ్న అడిగాడో సినిమాలో లేదు. ఆవిడ వాళ్ళమ్మ గురించి చెప్తుంది. కోటలో వడ్లు దంచడానికి పిలుపు వస్తే, పాలు తాగే పిల్లని కూడా ఇంట్లో వదిలి వెళ్ళాల్సొచ్చేదట. ఆ పిల్ల తనే. అది చెప్పి ఆగిపోతుంది. వీడు మాట్లాడడు. కట్ చేయడు. పదకొండు సెకన్లు. తర్వాత ఆవిడే వాడి వైపు చూసి, "ఇదంతా ఎవరు చూస్తరు బిడ్డా?" అంటుంది.

పది నిమిషాల సినిమాలో నాకు మిగిలిన భాగం ఇది. ఇక్కడ ఆవిడ కెమెరాని చూస్తోంది. ప్రశ్న అడిగేది ఆవిడ, జవాబు చెప్పాల్సింది తీసేవాడు. ఆనంద్ పట్వర్ధన్ 1985లో తీసిన 'బాంబే: అవర్ సిటీ'లో ఇలాంటి చోటు ఒకటుంది. గుడిసెలు కూల్చేసిన చోట ఒకామె, మా బొమ్మలు తీసుకుని పేరు తెచ్చుకోడానికే కదా వచ్చారు అని సినిమా తీసేవాళ్ళనే నిలదీస్తుంది. పట్వర్ధన్ దాన్ని కత్తిరించకుండా సినిమాలో ఉంచాడు. ఆమెకి జవాబు చెప్పలేకపోయినా ఆమె ప్రశ్నని మన దాకా తెచ్చాడు. తమ్ముడి దగ్గర పట్వర్ధన్‌కి లేని ఒక వీలుంది. ఆ గడప వాళ్ళింటికి నాలుగు ఇళ్ళ అవతలే. ఆవిడ అడిగినదానికి వాడు రోజూ జవాబు చెప్పుకోవాలి.

అందుకే అప్‌లోడ్ చేసే ముందు ఆవిడకి చూపించమన్నాను. ఇదేమీ నా కొత్త ఐడియా కాదు. 1961లో జాన్ రూష్, ఎడ్గార్ మోరాన్ ప్యారిస్‌లో తీసిన 'క్రానికల్ ఆఫ్ ఎ సమ్మర్'లో, అందులో ఉన్న మనుషులకే సినిమా చూపించి వాళ్ళు ఏమన్నారో దాన్ని కూడా సినిమాలో కలిపారు. ల్యాప్‌టాప్ పట్టుకెళ్ళి తమ్ముడు ఆవిడ ముందు పెట్టాడు. రెండు సంగతులు జరిగాయి.

ఒకటి డ్రోన్ షాట్ దగ్గర. దాన్ని తీసేయమని నేను మూడుసార్లు రాశాను, వాడు మూడుసార్లూ ఉంచాడు. ఆ షాట్ రాగానే ఆవిడ ఆపమందట. స్క్రీన్‌కి ముఖం ఆనించి మరీ వాళ్ళ ఇల్లు వెతుక్కుంది. దొరికింది. తర్వాత కోట నుంచి ఇంటికి ఎంత దూరమో వేలితో గీసి చూపించింది. వాళ్ళమ్మ నడిచిన దారి. పటేల్ షాట్ అని మనం పక్కన పెట్టిన బొమ్మ ఆవిడ చేతిలో మ్యాప్ అయింది. పస్తాపూర్ పాఠానికి ఇక్కడ ఒక వాక్యం చేర్చుకోవచ్చనుకుంటా. చూపు ఎవరిదన్నది తీసేటప్పుడే కాదు, చూసేటప్పుడు కూడా తేలుతుంది. ఆ షాట్‌ని ఊరి వాళ్ళ ముందు పెట్టకుండా ఊరి బయట వాళ్ళకే పంపితే అది మళ్ళీ పటేల్ షాటే.

రెండోది కష్టమైంది. సినిమా అయిపోయాక ఆవిడ, మాటలు ఉండనీ, మొహం తీసెయ్యి అంది. కారణాలు ఆవిడవి, ఇక్కడ రాయను. పోటీకి గడువు నాలుగు రోజులుంది. తమ్ముడు రాత్రి ఫోన్ చేసి "అన్నా, సినిమాలో ఉన్నదే ఆ షాట్, అదీ పోతే ఏముంది?" అన్నాడు. నిజమే. నేను మెచ్చుకున్నదీ అదే. నేర్చుకునే దశలో మంచి షాట్ వదులుకోవడం ఎంత బాధో పుస్తకాలు చెప్పవు. మొహం మసక చేసే ఎఫెక్ట్ పెడదామనుకున్నాడు గానీ, అలా చేస్తే టీవీ క్రైమ్ వార్తల్లో మనిషిలా ఉంటుంది, నేరం చేసినట్టు. చివరికి మర్నాడు పొద్దున అదే గడప ముందు అదే చోట కూచుని, ఫోన్ అదే ఎత్తులో పెట్టి, ఖాళీ గడపని తీశాడు. దాని మీద ఆవిడ గొంతు. పదకొండు సెకన్ల మౌనం అలాగే ఉంది. ఒక కోడి వచ్చి గడప ఎక్కి దిగిపోతుంది.

సినిమా పరంగా ఇది మొదటి దానికంటే తక్కువదే. ఆ కళ్ళు లేవు. పోటీలో జడ్జీలకి ఆ ఖాళీ గడప ఎందుకుందో అర్థం కాకపోవచ్చు. కానీ కెమెరా ఆ మనిషి లేకపోయినా ఆవిడ కూచునే ఎత్తులోనే ఆగి ఉంది. మిగతా తొమ్మిది నిమిషాలకి ఇది ఒక కొలబద్ద అయింది. దీన్ని చూశాక ముందున్న గేటు షాట్ కింద వేణువు భరించలేం. వాడే తీసేశాడు, నేను చెప్పకముందే.

సరే, పస్తాపూర్‌ని నెత్తిన పెట్టుకున్నాను కాబట్టి దాని లోపాలూ చూడాలి. 2002 మార్చిలో బీటీ పత్తికి దేశంలో అనుమతి వచ్చింది. ఆ ఆడవాళ్ళు కెమెరాలతో వరంగల్ వెళ్ళి, ఆ సీజన్ పొడుగునా చిన్న రైతుల దగ్గరికి మళ్ళీ మళ్ళీ వెళ్ళి, 2003లో 'వై ఆర్ వరంగల్ ఫార్మర్స్ యాంగ్రీ విత్ బీటీ కాటన్?' తీశారు. 2005లో దాని కొనసాగింపు వచ్చింది, ఈసారి పేరులోనే మూడేళ్ళ మోసం అన్నారు. అదే ఏడాది మహికో-మోన్‌శాంటో మొదటి మూడు రకాలకి ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి పొడిగించలేదు. అంటే వాళ్ళు పొలాల్లో చూసింది గాలి కబురు కాదు. కానీ పేరులోనే తీర్పు ఉన్న సినిమా ఏ ప్రశ్నతో బయల్దేరుతుంది? డీడీఎస్ బీటీకి వ్యతిరేకంగా నిలబడ్డ సంస్థ, ఆ సినిమాలు దాని గొంతుతోనే మాట్లాడతాయి. తర్వాతి ఏళ్ళలో తెలంగాణ పత్తి చేలు దాదాపు మొత్తం బీటీకే వెళ్ళాయి. కోపంగా ఉన్న రైతు మళ్ళీ అదే విత్తనం ఎందుకు కొన్నాడు? అప్పా, పురుగా, వేరే విత్తనం దొరక్కా, లాభమా? ఆ ప్రశ్నకి ఆ సినిమాల్లో చోటు చాలదు. సంఘం షాట్ కూడా, ముందే సంఘం ఒక మాట అనుకుని వచ్చాక తీస్తే, బిగుసుకుపోతుంది.

అయినా వాటి నుంచి తీసుకోవాల్సింది ఆ తీర్పు కాదు, తిరిగి వెళ్ళడం. విత్తినప్పుడు వెళ్ళారు, పూత మీద వెళ్ళారు, ఏరేటప్పుడు వెళ్ళారు. నెలల తరబడి అదే మనిషి అదే చేలో నిలబడి మాట్లాడితే, ఒక్క రోజు ఇంటర్వ్యూలో రానిది వస్తుంది. ఆగస్టులో ఆశగా మాట్లాడిన మొహాన్ని జనవరిలో చూడటమే ఆ సినిమాల బలం.

నడిగూడెం మండలానికి ఈ పాఠం ఇప్పుడు బాగా అవసరం. 2024 సెప్టెంబర్ మొదట్లో కురిసిన కుండపోత వానలకి కాగితరామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమ కాలువకి గండి పడింది. ఆ రెండు మూడు రోజులు టీవీ నిండా ఆ గండే. పై నుంచి తీసిన బొమ్మలే. ఎర్ర నీళ్ళు, మునిగిన వరి, మైకు పట్టుకున్న రిపోర్టర్. తర్వాత కెమెరాలు వెళ్ళిపోయాయి. నీళ్ళు తీశాక పొలంలో మిగిలిన ఇసుక మేటని ఎవరు ఎత్తారు, ఎంతయింది, ఆ కారు పోయిన కౌలు రైతు రెండో కారు వేశాడా? కౌలు కాగితం లేనివాడికి పరిహారం అడిగే వీలుందా? ఇదంతా వార్త కాదు. డాక్యుమెంటరీ మొదలయ్యేది వార్త ఆగిపోయిన ఈ చోటే.

తమ్ముడి తర్వాతి సినిమా దాని మీదే. ఒక కుటుంబం, ఒక ఎకరంన్నర, ఒక ఏడాది. డ్రోన్ వాడతావా అని అడిగితే, ఆ రైతుకి చూపించడానికి మాత్రం ఒకసారి ఎగరేస్తానన్నాడు. ఇప్పటికి రెండుసార్లు వెళ్ళొచ్చాడు. మొదటిసారి ఫోన్ బయటికి తీయలేదట.